కాకి ముట్టని ముద్ద

ఆళ్లగడ్డలో చెన్నకేశవులు చితి చల్లారింది, అతని భార్య అనసూయమ్మ కడుపు మాత్రం చల్లారలేదని పోయిన వారం చదువుకున్నారు. సగం మంది మరిచిపోయి ఉంటారు. జ్వరం పడి లేచిన ఊళ్లకు మతిమరుపు సహజం. కాబట్టి ఒక చిన్న మోతాదు జ్ఞాపకం మింగి ముందుకు పోదాం.

ఈ యాభై ఏడు ఎండాకాలంలో మద్రాసు రేవులో దిగిన కొత్త జ్వరం, టికెట్టు కొనకుండా రైలెక్కి నంద్యాలలో దిగింది. దానికి పెద్దలు ఫ్లూ అని పేరు పెట్టారు. పేరు పెట్టాక ఆపడానికి ఒక ప్రత్యేకాధికారిని పెట్టారు. ఆయన కోస్తా జిల్లాల మనిషి, పేరు సుబ్బరాయుడు. గుంపులు కూడవద్దని చెప్పడానికి ఆయన ఊరూరా గుంపులను కూడేశారు. సినిమా మూయించారు, సంత మూయించారు, జనం నోళ్లు మాత్రం మూయించలేకపోయారు. ఉపశమనం ఇవ్వలేని చోటల్లా ఉపన్యాసం ఇచ్చారు.

అలాంటి ఉపన్యాసం ఒకటి ముగించి, ఆయన ఆళ్లగడ్డ పంచాయతీ మెంబరు చెన్నకేశవులును పక్కకు పిలిచారు. "మీ ఊరి రోగుల్ని నంద్యాల ఆసుపత్రికి తోలకండి, ఇక్కడ మంచాలు లేవు. రేపు పొద్దున్నే డాక్టరూ మందులతో వ్యాను మీ ఊరికే వస్తుంది" అన్నారు. చెన్నకేశవులు సంత కొట్టం మెట్లెక్కి ఆ మాట ఊరికి చాటాడు. బస్సెక్కి కూర్చున్న రోగుల్ని దింపి, నా మాట మీద ఉండండి అన్నాడు. ఉన్నారు. వ్యానూ రాలేదు, వానా రాలేదు. వచ్చింది చావు. దింపినవాళ్లలో కొందరు పోయారు. ఆఖరికి చెన్నకేశవులు కూడా అదే జ్వరంతో, అదే రోడ్డు వైపు చూస్తూ పోయాడు.

ఆ తర్వాత నంద్యాల సభలో సుబ్బరాయుడు గారు మైకు ముందు నిలబడి, "ఆళ్లగడ్డలో ఫ్లూ చావు ఒక్కటీ లేదు. వ్యాను వస్తుందని అక్కడ ఎవరో మెంబరు సొంతంగా పుకారు పుట్టించాడు" అన్నారు. దాంతో పోయిన మనిషి మళ్లీ పోయాడు. మొదటిసారి ప్రాణం పోయింది, రెండోసారి మాట పోయింది. అనసూయమ్మ ఆ రాత్రే తమ్ముడి చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టుకుంది.

"నా మొగుని మాటను బొంకు చేసినోడు ఎవుడైనా సరే, ఆయన దివసాల పొద్దు, ఆయన ఆకులో, ఆయన బూడిదే తినిపిస్తా."

ఇక్కడ ఆగాం. ఇప్పుడా పొద్దు వచ్చింది.

*

ఊరి అభిప్రాయం ఆ వారమంతా బస్సు కమ్మీ పట్టుకుని వేలాడే మనిషిలా ఊగింది. హోటలు బెంచీ మీద ఒక చివర కూర్చున్నవాళ్లు సర్కారును తిట్టారు. "నంద్యాల ఆసుపత్రిలో ఎర్ర నీళ్లు సీసాలో పోసి దాన్ని మందన్యారు. నీళ్లకు రంగేసినారు, మనకు నామమేసినారు." ఇంకో చివర కూర్చున్నవాళ్లు చెన్నకేశవులును తిట్టారు. "సర్కారు ఎప్పుడైనా అంతే, అది తెలిసిందే. ఈయప్ప ఎందుకు బస్సు దింపల్ల? పెద్దరికం." సర్కారును తిట్టినవాళ్లకు టీ తాగితే కోపం తీరింది. చెన్నకేశవులును తిట్టినవాళ్లకు తీరలేదు. దూరంగా ఉన్న దోషి కంటే దగ్గరగా కాలిన శవం సులువు. దివసాలకు, అంటే పెద్దకర్మ భోజనాలకు, పిలిస్తే సగం ఊరు రాదని అనసూయమ్మకు తెలుసు. చావింట ఆకులు మిగలడం కంటే అవమానం లేదనీ తెలుసు.

అందుకే ఆమె తమ్ముడు నరసింహులు నంద్యాల పోయాడు. అతనిది శిరివెళ్ల దగ్గర సేద్యం. బావ పోయినప్పటినుంచి అక్క గడప వదల్లేదు. అక్క కంటే తమ్మునికే కసి ఎక్కువని ఊరు మెచ్చుకుంది. అతను సుబ్బరాయుడి మేజా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, మా ఊరు మీకోసరం కాసుకోనుండాది. బుధవారం వచ్చి, నాలుగు మాటలు చెప్పి, ఓ ముద్ద తిని పోవల్ల."

ఇందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు. బొట్టు పెట్టలేదు. లేచేటప్పుడు పోయొస్తానని అనలేదు. చావింటి పిలుపుకు ఆ రెండూ ఉండవు. ఆ తేడా పట్టుకోవాలంటే మనిషి ఏదో ఒక చావుకు ఎదురు పడి ఉండాలి. సుబ్బరాయుడు గారు చావులే లేవని చెప్పి చెప్పి, తనే నమ్మిన మనిషి. ఆయనకు పూలదండ వాసన ఒక్కటే కొట్టింది.

"ఊరంతా వస్తారా?"

"ఇంట్ల మనిషి మిగల్డు సారూ."

"చూశారా," అన్నారు ఆయన పక్కనున్న గుమాస్తాతో, "పత్రికలు ఏం రాస్తేనేం, ప్రజాభిప్రాయం మనవైపే ఉంది." మళ్లీ నరసింహులు వైపు తిరిగి, "మా జీపు అటే పోతోంది, ఎక్కవోయ్" అన్నారు.

"వద్దు సారూ, బస్సుకే పోతా," అన్నాడు నరసింహులు, అడిగినంత సేపైనా ఆలోచించకుండా.

*

కాలవ గట్టు పక్కన చెన్నకేశవులు చేను. అందులో కొబ్బరి మట్టల పందిరి. పందిరి కింద అరిటాకులు వరసలు తీరాయి. ఆఫీసరు వస్తున్నాడన్న మాట పాకి, రానన్నవాళ్లంతా ముందే వచ్చి కూర్చున్నారు. దుఃఖానికి రాని జనం తమాషాకు వస్తారు. అనసూయమ్మకు కావలసిందీ అదే.

గట్టు మీద చదునైన బండ, బండ మీద మోదుగ విస్తరి, విస్తరిలో పిండం. కర్మ చేసిన దాయాది శేషయ్య తడిపంచెతో దాని పక్కన నిలబడ్డాడు. ఆడది గట్టెక్కకూడదన్న పెద్దల మాట వినిపించుకోకుండా అనసూయమ్మ కూడా అక్కడే నిలబడింది. వరస మొదట్లో ఒక ఆకు ప్రత్యేకంగా పెద్దది. దాని పక్కన మూత పెట్టిన కంచు గిన్నె. అందులో ఏముందో ముగ్గురికే తెలుసు: అక్కకు, తమ్మునికి, కాలిన మనిషికి.

జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. నడిపినవాడు కృపావరం, ఆళ్లగడ్డ క్రైస్తవుల పేటలో పుట్టి, నంద్యాలలో కాపురం ఉంటున్న మనిషి. మొన్నటిదాకా మందుల వ్యాను తోలి, ఇప్పుడు జీపుకు మారాడు. సుబ్బరాయుడు గారు దిగి, దండ కోసం మెడ కాస్త ముందుకు వంచారు. ఎవరూ వేయలేదు. పూలదండ కోసం వచ్చిన మెడకు ఫ్లూ దండన సిద్ధంగా ఉందని ఆ మెడకింకా తెలియదు. వినయమైన ఊరు అనుకుని ఆయన పెద్ద ఆకు ముందుకు నడిచారు. నరసింహులు నేతి గిన్నె పట్టుకుని పందిరి గుంజ వెనక్కి జరిగాడు.

"నాలుగు మాటలు చెప్పండి సారూ," అంది అనసూయమ్మ గట్టు మీది నుంచి.

ఆయన నాలుగుతో ఆగే మనిషి కాదు. ప్రభుత్వం ఎంత ముందుచూపుతో వ్యవహరించిందో చెప్పారు. జ్వరం కంటే భయమే ప్రమాదమన్నారు. "ఇంత పెద్ద అంటువ్యాధిలో ఆళ్లగడ్డలో ఒక్క ప్రాణం కూడా పోలేదంటే, అది మీ సహకారం" అన్నారు. జనంలో ఎవరో దగ్గారు. ఆయన దాన్ని చప్పట్లలో కలుపుకున్నారు. "పుకార్లు నమ్మకండి. ఒక బాధ్యత లేని మెంబరు పుట్టించిన పుకారు వల్ల..."

అక్కడ ఆయన చూపు బండ మీద పడింది. విస్తరి, నువ్వులు, పిండం, తడిపంచె.

"ఇది... ఇదేమిటండీ?"

"దివసాలు సారూ," అన్నాడు శేషయ్య. "ఇంతసేపూ మీరు చెప్పినారే, బాధ్యత లేని మెంబరు. ఆయప్పవే."

నిలబడితే అందరూ తననే చూస్తారని ఆయన ఆకు ముందు కూర్చున్నారు.

"తినండి మరి, కానివ్వండి," అన్నారు, త్వరగా ముగిస్తే చాలన్నట్టు.

"మొదట తినాల్సినోడు ఇంకా రాలేదు సారూ."

"ఎవరు?"

"కాకి."

*

చేని మూలన చింతచెట్టు మీద కాకి ఉంది. ఉంది, అంతే. మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. పిండం వైపు చూసింది. దిగలేదు. అది ముట్టేదాకా పందిరి కింద ఎవరూ ముద్ద ఎత్తకూడదు. ముట్టలేదంటే పోయినవాడికి తీరనిది ఏదో ఉందని. అదేదో తీరుస్తామని బతికినవాళ్లు నోరు తెరిచి చెప్పాలి.

ఎండ నడినెత్తికొచ్చింది. అన్నం చల్లారుతోంది. ప్రజాభిప్రాయం తలలో పుడుతుందని చదువుకున్నవాళ్లు అంటారు. పుట్టేది కడుపులో. ఆకలేసేకొద్దీ జనానికి నిజాలు గుర్తొచ్చాయి.

మొదట శేషయ్య గొంతు సవరించుకున్నాడు. "అన్నా, నీ పిల్ల పెండ్లి నేను నిలబడి చేస్తా. రా." కాకి రాలేదు. "నీ ఎద్దులు అమ్మం. రా." రాలేదు. శేషయ్య చెమట తుడుచుకున్నాడు. తల దించుకుని, "మన చేన్ల నడుమ గెనెం మీద హద్దురాయి జరిపింది నేనే అన్నా. రేపు పొద్దున్నే ఎనక్కి పెడ్తా" అన్నాడు.

కాకి రెక్క దులుపుకుంది. దిగలేదు.

ముందు వరసలో కూర్చున్న ముసలి సుబ్బలక్ష్మమ్మ వక్క నములుతూ అంది. "రాయి జరిపినోడు ఒప్పుకొన్యాక గూడా రాలేదంటే, అంతకంటే పెద్దది జరిపినోడు ఈడ యాడనో ఉండాడు."

హోటలు బెంచీ రెండో చివర కూర్చునే మనిషి లేచాడు. "కేశవులన్నా, నిన్ను పుకారోడని పేరు పెట్టింది నేనే. తప్పయిపోయింది." ఆ వెనక ఇంకొకడు, ఆ వెనక ఇంకొకడు. వారం రోజులు అటూ ఇటూ ఊగిన ఊరు ఒక్క కాకి ముందు నిలకడగా ఒక పక్కకు ఒరిగింది. ఆ పక్క సుబ్బరాయుడు గారున్నారు.

"ఆయన అడుగుతాండేది మిమ్మల్ని కాదు," అంది అనసూయమ్మ ఊరితో. గట్టు దిగి వచ్చి ఆఫీసరు ఆకు ముందు నిలబడింది. "సారూ, వ్యాను వస్తాదని నా మొగునికి చెప్పిందెవరు?"

"చూడమ్మా, ఇదంతా మూఢనమ్మకం. ఇది శాస్త్రయుగం."

"మీ శాస్త్రం ఆ పొద్దు రాలేదు కదప్పా," అంది సుబ్బలక్ష్మమ్మ. "మా కాకి కనీసం చెట్టుదాకా వచ్చింది."

పందిరి కింద నవ్వు లేచింది. అది ఆరోగ్యకరమైన నవ్వు కాదు. ఆయన లేవబోయారు. "కృపావరం, జీపు తియ్యి."

కృపావరం బానెట్టుకు ఆనుకున్నవాడు కదల్లేదు. "ఆకు ముందర కూచున్న మనిషి తినకుండా లేస్తే ఈడ చానా తప్పు సారూ."

"నువ్వు క్రైస్తవుడివి, నీకెందుకయ్యా ఇది?"

"ప్రార్థన యేసుకే చేస్తా సారూ. దెబ్బలు మాత్రం ఈ ఊరోళ్లే కొడ్తారు."

ఆయన చుట్టూ చూశారు. గుంపులు కూడవద్దని తను ఇచ్చిన ఉత్తర్వు ఎంత మంచిదో ఆయనకు అప్పుడే పూర్తిగా అర్థమైంది. పెదవులు తడుపుకుని ఏదో గొణిగారు.

"కాకికి వినపడల్ల," అంది అనసూయమ్మ. "నా మొగుడు సంత కొట్టం మెట్లెక్కి ఊరికంతా వినపడేటట్ల చెప్పినాడు. మీరూ అట్లనే చెప్పండి."

"నేనే చెప్పాను."

"ఏం చెప్పినారు?"

"వ్యాను వస్తుందని నేనే చెప్పాను. రోగుల్ని ఆపమన్నదీ నేనే. అతను పుకారు పుట్టించలేదు. నేను చెప్పిన మాటే చెప్పాడు." ఆయన ఆకు వైపు చూశారు. "ఈ ఊళ్లో పోయినవాళ్లు ఫ్లూతోనే పోయారు."

పందిరంతా ఒక్క ఊపిరి వదిలింది. అనసూయమ్మ కళ్లు మూసుకుంది. చెన్నకేశవులు మాట లేచి, దుమ్ము దులుపుకుని, ఊరి మధ్యన మళ్లీ నిలబడింది. కాకి చెట్టు దిగింది. బండ మీద వాలింది. పిండం దగ్గరికి నడిచింది. శేషయ్య చేతులు జోడించాడు.

కాకి తల వంచి చూసింది. ముట్టకుండా లేచి మళ్లీ చెట్టు మీద కూర్చుంది.

అనసూయమ్మ కంచు గిన్నె మూత మీద చెయ్యి వేసింది. "చెప్పి గూడా ఎందుకు పంపలేదు సారూ?"

అవమానం తిన్న మనిషి ఆకలి తీరదు. తను తిన్నది ఇంకొకరికి వడ్డిస్తేగాని తీరదు. సుబ్బరాయుడు గారి ముఖంలోకి నెత్తురొచ్చింది. ఇంతసేపూ ఆయన వెతుక్కుంటున్న ఆయుధం ఆమే చేతికిచ్చింది.

"పంపలేదని ఎవరన్నారమ్మా? తెల్లవారకముందే పంపాను. కొబ్బరికాయ కొట్టి నా చేత్తో పంపాను. సాయంత్రానికి మందులన్నీ ఖాళీ అయి తిరిగొచ్చింది. మీ ఊరికి రాలేదు. దారిలో మీ మనిషే ఒకడు ఆపి తిప్పుకుపోయాడు. సర్కారు వ్యానును దారిన పోయేవాడు తిప్పుకుపోయాడంటే నా ఉద్యోగం ఉంటుందా? అందుకే పోయినవాడి మీద పెట్టాను. కావాలంటే ఆ డ్రైవర్ని అడగండి."

కాకి కదల్లేదు. ఖాకీ కదిలింది. కృపావరం టోపీ తీసి చేతిలో పట్టుకుని పందిరి కిందికి వచ్చాడు.

"నోరెత్తితే పని పోతాదన్యారమ్మా. అందుకే ఇన్ని దినాలు మూసుకోనుంటి." ఆమె ముఖం చూడలేక టోపీలోకి చూస్తూ చెప్పాడు. "శిరివెళ్ల దాటినాక ఒగాయప్ప రోడ్డుకు అడ్డం పండుకొన్యాడు, చక్రాలకు మూరెడు దూరంలో. ఆళ్లగడ్డలో అందురూ బాగుండారు, ఆడ ఎవరికీ జరం లేదు, వ్యాను నా ఎంబడి తిప్పు అన్యాడు. డాక్టరు తిప్పమన్యాడు. తిప్పినా."

"ఎవరాయప్ప?"

"పేరు తెల్దమ్మా. మొగం తెలుసు."

"ఈడ ఉండాడా?"

కృపావరం తలెత్తలేదు. "నేను జీపు దిగినప్పట్నుంచి ఆ గుంజ ఎనకాలనే ఉండాడు."

ఊరు మొత్తం ఒకేసారి తల తిప్పింది. గుంజకు ఇవతల నేతి గిన్నె కనబడుతోంది. నెయ్యి బొట్లు బొట్లుగా నేల మీద పడుతోంది.

నరసింహులు బయటికి వచ్చాడు. "అక్కా" అన్నాడు.

అనసూయమ్మ వంగి, సుబ్బరాయుడు గారి ముందున్న పెద్ద ఆకును రెండు చేతులతో ఎత్తింది. ఒక్క మెతుకు కింద పడకుండా మోసుకుంటూ నడిచింది. తమ్ముడి కాళ్ల ముందు పరిచింది. మళ్లీ వెనక్కి వెళ్లి కంచు గిన్నె తెచ్చింది. ఆ నడకలో తొందర లేదు. ఒట్టు పెట్టుకునేటప్పుడు ఆమె చెయ్యి వేసింది అతని చేతిలోనే. ఎవుడైనా సరే అని ఆమె అన్నప్పుడు ఆ చెయ్యి ఎందుకు చల్లగా ఉందో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"కూచో."

అతను కూర్చున్నాడు.

ఆమె మూత తీసింది. గిన్నెలో బూడిద. గాలికి పైపొర కొంచెం లేచి అతని మోకాలి మీద పడింది.

"అక్కా, ఎందుకు తిప్పినానో ఒక్క మాట ఇను. ఆ పొద్దు నా ఇంట్ల..."

"ఇంటాలే," అంది అనసూయమ్మ. గిన్నెను అతని వైపు జరిపింది. "తింటా తింటా చెప్పు."

ఆమె వెనక రెక్కల చప్పుడైంది. శేషయ్య "ముట్టింది" అన్నాడు. బండ మీద కాకి పిండాన్ని గబగబా పొడుచుకు తింటోంది. ఇక ఊరు తినవచ్చు. ఎవరి చెయ్యీ ఆకు మీదికి పోలేదు. అందరూ ఒక్క చేతినే చూస్తున్నారు. ఆ చెయ్యి నేతి గిన్నె కింద పెట్టి, కంచు గిన్నెలోకి దిగుతోంది.